పరిధి

మొదటి శీర్షిక రెండు వరుసలుండె:
"స్వాతంత్ర్యానంతర వరంగల్ జిల్లాలో చేనేత సహకారోద్యమం:
సమాజం, ఆర్థికం, రాజకీయం, ఒక సమగ్ర పరిశీలన."
వనమాల మేడం కళ్ళద్దాలు నుదుటి మీదికి జరిపి
"సమగ్ర" చుట్టూ ఎర్ర సున్నా చుట్టింది.
"నీకున్నది ఆరు నెలలు, బిడ్డా.
ఇది ఆరుగురి ఆయుష్షు."

రెండోసారి జిల్లా పోయి నగరం మిగిలింది.
మూడోసారి నగరం పోయి కొత్తవాడ.
నాలుగోసారి కొత్తవాడలో ఒక జంపఖానాల సంఘం,
సంఘంలో ఒక ఇనుప బీరువా,
తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలవని
ముగ్గురు డైరెక్టర్లు.
"పడుగు, పేక అని పోలికలు మాత్రం రాయకు.
ఏటా ఎవరో ఒకరు రాస్తనే ఉంటరు" అంది మేడం.

హాస్టల్ గోడకు చార్టు అంటించిన.
జూన్: గ్రంథాలయం.
జూలై: దస్త్రాలు.
ఆగస్టు: ముఖాముఖీలు, పదిహేను.
సెప్టెంబర్ గడిలో ఏం రాయాల్నో తోచక
"విశ్లేషణ" అని రాసి
కింద రెండు గీతలు కొట్టిన.
జువాలజీ చదివే మా చాంది అడిగింది,
"సచ్చిపోయినోళ్ళకు టైంటేబులెందుకే?"
"నీ కప్పలకు లేదా మరి?" అన్న.

ప్రశ్నావళిల నలభై రెండు ప్రశ్నలు.
పదకొండోది:
"సహకార సంఘం మీ జీవన ప్రమాణాలపై చూపిన ప్రభావమేమి?"
పాత కార్యదర్శి ఆడెపు నాంపెల్లి
టేపురికార్డర్ దిక్కు అనుమానంగ చూసి
"ప్రమాణమా? ఒట్టేసి చెప్పాల్నా బిడ్డా?" అన్నడు.
ఆ క్యాసెట్టుల నా నవ్వు,
ఎనుమాముల దిక్కు నుంచొచ్చిన మిర్చి గాలికి
ఇద్దరి దగ్గు,
ఇంకేం లేదు.

తాళంచెవి చివరికి
ఆయన మొలతాడుకే దొరికింది.

కూలి పుస్తకం. పందొమ్మిదివందల అరవై మూడు మొదలు.
ఫిబ్రవరిని చెదలు తిన్నయి, మార్చి సగం మిగిలింది.
పేరు, చుట్టిన కండెలు, రూపాయలు, నయాపైసలు.
ఆఖరి గడిలో నిశాని.
కండెలు చుట్టే ఆడోళ్ళు పద్దెనిమిది మంది,
నెలకు పద్దెనిమిది ఊదారంగు బొటనవేళ్ళు.
లెక్కపెట్టుకుంట పోయిన. నిద్రొచ్చింది.

అరవై ఏడు, జూన్.
పదకొండో వరుసల
నిశాని పక్కన "బై" అని ఉంది.
జూలైల "బైరి".
ఆగస్టుల ఏం లేదు, ఉత్త వేలే. జ్వరమొచ్చిందో, సిగ్గయ్యిందో.
సెప్టెంబర్‌ల "బైరి నర్సు",
సవత్తు జారి కింది గడిల పడ్డది,
ఇంకొకామె కూలి మీద.
అక్టోబర్‌ల నిశాని లేదు.
బైరి నర్సుబాయి.
"యి" కాడ కలం ఆగినట్టుంది, సిరా పెద్ద చుక్కయ్యింది.

ఉరికిన. మేడం అప్పుడే అన్నానికి కూర్చుంది.
ఎడమచేత్తోనే జిరాక్సు కాయితం తిప్పి తిప్పి చూసింది.
మెచ్చుకుంటదనుకున్న.
"మిగిలిన పదిహేడు మందో?" అంది.

నర్సుబాయి ఇంట్ల ఇప్పుడు ప్లాస్టిక్ బిందెలమ్మే కుటుంబముంది.
కొడుకులు భీవండి పోయిన్రట,
ఏ గల్లీనో ఎవరికి తెలవదు.
ఆమె ఉన్నదో లేదో అడిగితే
బిందెల వ్యాపారి ఇంకో బిందె చూపించిండు.

ఈ రాత్రి సినాప్సిస్ మళ్ళ రాస్తున్న, ఏడోసారి.
కాలపరిధి దగ్గర
"ఒక నిశాని నుంచి ఒక సంతకం దాకా" అని రాసి
కొట్టేసిన. కమిటీ నవ్వుతది.
1963–1971 అని పెట్టిన.
ఖర్చుల పట్టికల ఒక వరుస పెంచిన:
కాజీపేట నుంచి కల్యాణ్, రెండో తరగతి, రానుపోను.
పదకొండో వరుసకొక కాయితం,
పదిహేడు మందికి పదిహేడు కాయితాలు.
చాంది నిద్రల ఏదో గొణిగి అటు తిరిగింది.

నలభై రెండు ప్రశ్నలు పారేయలేదు.
వెనకవైపు తెల్లగుంటే
అక్కడ ఒక్కటే రాసుకున్న,
నాంపెల్లికి, భీవండిల దొరికితే ఆ కొడుకులకు,
దొరికినోళ్ళందరికి:
అప్పట్ల మీ ఇంట్ల
పలక ఎవరిది?